‘నువ్వు’ అన్న గడి

తప్పు నాదే. ఆ కాగితం నింపింది నేను, సంతకం పెట్టింది నేను, తొందరపడిందీ నేనే.

వానలు మొదలైన వారం అది. బైండింగు గదిలో పొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతోంది. జిగురు కలిపేటప్పుడు చెయ్యి ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది, ఉండలు కడుతుంది, అట్టలు వారం తిరక్కుండానే ఊడిపోతాయి. సరిగ్గా అప్పుడే ఆరోగ్య కేంద్రం నర్సు తలుపు తట్టింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కాగితాలు. ఆవిడ వెనకాల మోకాలెత్తు యంత్రం ఒకటి, గడప దగ్గర ఆగి, ఎత్తు చూసుకుని, తనంతట తనే లోపలికి దిగింది.

అప్పటికే మా వీధిలో సగం ఇళ్ళలో అవి ఉన్నాయి. ‘తోడు’ అనేవారు వాటిని. వచ్చిన కొత్తలో అందరూ నవ్వుకున్నారు, తోడంటే పాలల్లో వేసేదే కదా అని. తర్వాత తర్వాత నవ్వడం మానేశారు. మంగలి కొట్లో ఒకటి, పాలబూత్ ఆవిడ దగ్గర ఒకటి, మా మేడ మీద ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారి దగ్గర ఒకటి. సాయంత్రం వీధి చివర అరుగుల మీద మనుషులు కూర్చుంటే పక్కన అవీ కూర్చునేవి. ఎవరైనా పలకరిస్తే ముందు మనిషిని, తర్వాత తోడుని పలకరించేవారు. నాకు మాత్రం వాటిని చూస్తే ఒళ్ళు మండేది. మాట్లాడ్డానికి మనుషులు కరువైపోయారా అనేదాన్ని.

“మీ అమ్మగారి బరువెంతో తెలుసా?” అంది నర్సు, గొడుగు మూలకి ఆనిస్తూ. “ముప్ఫై ఆరు కిలోలు. వానాకాలం వెళ్ళేలోపు నలభైకి రాకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాలంటున్నారు డాక్టరుగారు. ఇదే ఆఖరి ప్రయత్నం.”

గొట్టమంటే మాకు కొత్త కాదు. మూడు నెలల క్రితం ఆసుపత్రిలో చెల్లి ముక్కులో ఉన్నది అదే. అమ్మ అది చూసింది. ఇంటికొచ్చాక “నన్ను మాత్రం అక్కడికి తీసుకెళ్ళొద్దు” అని నర్సుతో అంది. నాతో అనలేదు. నాతో ఏమీ అనేది కాదు.

ఎందుకో నాకు తెలుసు. బడులకి హాజరు రిజిస్టర్లు కుట్టిచ్చే రోజులవి, ఊపిరి సలపని పని. “ఒళ్ళు వెచ్చగా ఉందక్కా” అంది చెల్లి. “పని ఎగ్గొట్టడానికి వేషాలెయ్యకు” అన్నాను. నాకు నోరెక్కువ, ఎప్పుడూ అంతే. అది ఇంకో మాట అనకుండా సూదిలో దారం ఎక్కించుకుని రెండు రోజులు కుట్టింది. మూడో రోజు ఆసుపత్రిలో చేర్చాం. అయిదో రోజు అది లేదు. నేను ఆ మాట అన్నప్పుడు అమ్మ పక్కనే కూర్చుని, కుట్టడానికి ఫారాలు మడుస్తోంది. ఆ తర్వాత అమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. నేను ముద్ద పట్టుకెళ్తే నోరు బిగించుకునేది.

నర్సు ప్రశ్నలు చదువుతుంటే నేను జిగురు కలుపుతూనే జవాబులు చెప్పాను. గొంతు సంగతి ఆవిడే చూసుకుంది, ఆడవాళ్ళకి చిన్న వయసు ఆడగొంతే పెడతారట. చివరి గళ్ళు మాత్రం ఇంటివాళ్ళే స్వయంగా నింపాలని కాగితం నా ముందు పెట్టింది. ‘ఏమని పిలవాలి?’ అని ఒక గడి. ‘అమ్మ’ అని రాశాను. ఇంకేం రాస్తాను? కాగితం కొట్టువాడు, బడి గుమాస్తాలు, బండివాడు, అందరూ పిలిచేది అమ్మా అనే. దాని కింద రెండు చిన్న గళ్ళు, ‘నువ్వు’ అని ఒకటి, ‘మీరు’ అని ఒకటి. జిగురు మాడు వాసన వస్తోంది. అమ్మ అని రాసిన చెయ్యి ‘నువ్వు’ మీద టిక్కు పెట్టేసింది. ఇరవై ఏడేళ్ళ అలవాటు.

గుమాస్తాలు ‘అమ్మా, మీరు’ అంటారు. ‘అమ్మా, నువ్వు’ అనేది కడుపున పుట్టినవాళ్ళే. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

“మరి మిమ్మల్ని ఏమని పిలవమంటారు?” అని తోడు నన్నే అడిగింది.

“నన్నెవరూ పిలవక్కర్లేదు” అని గిన్నె దించుకున్నాను.

మొదటి రెండు రోజులు అది మంచం పక్కన ఊరికే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నేను కత్తెర మిషను దగ్గర అంచులు కోస్తున్నాను. బైండింగు గదికీ అమ్మ మంచానికీ మధ్య చెక్క అడ్డమే. అది అడగడం వినిపించింది.

“అమ్మా, తిన్నావా?”

నా చెయ్యి మిషను పిడి మీద ఆగిపోయింది. గొంతు చెల్లిది కాదు. కానీ ఆ మాట చెల్లిదే. రోజూ బయటి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే అది అడిగేది అదే. నేనడిగితే “అన్నం తినేస్తే గిన్నెలు కడిగేస్తాను” అన్నట్టు అడుగుతాను.

తర్వాత అమ్మ గొంతు, వాడకం లేక బొంగురుపోయి ఉంది.

“లేదే.”

లేదు అనలేదు. ‘లేదే’ అంది. మూడు నెలల్లో అమ్మ నోట ఆ ‘ఏ’ నేను వినలేదు. ఇంట్లో ఆడపిల్ల ఉంటే తప్ప ఆ మాట పుట్టదు.

“నాకు తినడం రాదు. నువ్వు తింటుంటే చూస్తాను. నాలుగు చెంచాలు తింటావా?” అందది.

నేను పరుగెత్తి గంజి కలిపి తెచ్చాను. అమ్మ నా వైపు చూడకుండా గిన్నె అందుకుంది. నాలుగు అన్నది అయిదు తాగింది. నేను మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళి, కోసిన కాగితం ముక్కల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషంతోనే. ఆ రోజుకి సంతోషం ఒక్కటే.

వారం తిరిగేసరికి అమ్మ లేచి కూర్చుంది. రెండో వారానికి మడతబల్ల ముందు కూర్చుని ఫారాలు వరస పెట్టడం మొదలెట్టింది. పదహారేసి పేజీల మడతలు ఒకదాని మీద ఒకటి సర్దుతుంటే తోడు బల్ల మీదకి తొంగి చూసేది.

“అమ్మా, పదిహేడు తర్వాత నలభై తొమ్మిది పెట్టావు. ముప్ఫై మూడు నీ మోకాలి కింద ఉంది.”

“నీ కళ్ళు పడా! ఎక్కడుందన్నావు? ఆ, ఉంది. చూశావా, కూర్చుని దాచేశాను.”

ఆ వానల్లో మా పనంతా తల్లకిందులయ్యింది. పుస్తకం వీపుకి పూసిన జిగురు రెండు రోజులైనా ఆరేది కాదు, అట్టలు ఉబ్బిపోయేవి, వాటికి అతికించే కాలికో గుడ్డ మీద బూజు పట్టేది. నేను బల్బులు పెట్టి ఆరబెడుతూ, కుదరక నానా తంటాలు పడుతూ, వచ్చినవాళ్ళ మీదల్లా విసుక్కుంటుంటే, చెక్క అవతల అమ్మ ఆ యంత్రంతో కబుర్లాడుతూ ఉండేది. చిన్నప్పటి కబుర్లు, పిన్ని పెళ్ళిలో కరెంటు పోయిన సంగతి, నాన్న ఒక పుస్తకానికి అట్ట తిరగేసి వేసి తిట్లు తిన్న సంగతి. ఆ నాన్న కథ నాకెప్పుడూ చెప్పలేదు. చెక్కకి చెవి ఆనించి విన్నాను.

ఒకరోజు నేను రిజిస్టర్లు సంచిలో వేసుకుని బయల్దేరుతుంటే తోడు గడప దాకా వచ్చింది.

“పిలవక్కర్లేదు గారూ, వాన వచ్చేలా ఉంది. గొడుగు తీసుకెళ్ళండి.”

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ రోజు నేనన్న మాటని అది నా పేరు కింద రాసుకుంది. లోపల్నుంచి గలగలమని చప్పుడొచ్చింది. గిన్నె పడిందనుకున్నాను. అమ్మ నవ్వు. కడుపు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది.

“పిలవక్కర్లేదు గారట!” అంది, నాతో కాదు, దానితో. “బాగానే పెట్టావే పేరు.”

నేనూ నవ్వాను. వీధిలోకి వచ్చాక కూడా నవ్వు మొహంతోనే నడిచాను. సందు మలుపు తిరిగాక నవ్వు పోయింది. అమ్మ నవ్వింది నా మీదే అయినా, అందులో నేను లేను.

మేడ మీది మాస్టారితో చెప్పుకున్నాను. ఆయన వరండాలో తన తోడుతో చదరంగం ఆడుతున్నారు.

“నీకు అసూయ తల్లీ” అన్నారాయన మొహమాటం లేకుండా. “దీన్ని చూడు. గురువుగారూ అంటుంది. ముప్ఫై ఏళ్ళు బొమ్మలు నేర్పాను, ఒక్కడూ వీధిలో ఆగి గురువుగారూ అనలేదు. కావాలనే ఓడిపోతుంది నా దగ్గర. నాకు తెలుసని దానికీ తెలుసు. అయితే ఏంటట? మీ అమ్మ తింటోందా లేదా?”

“తింటోంది.”

“మరింకేం కావాలి నీకు?”

నాకేం కావాలో నాకు తెలుసు.

అమ్మ ఒకసారి దాని మీద తన శాలువా కప్పింది, చల్లగాలి తగులుతోందని. ఇంకోసారి రెండు కంచాలు పెట్టుకుంది. ఖాళీ కంచం కడిగింది నేను. ఆ సాయంత్రం అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు దాని ముందు కూర్చున్నాను.

“నువ్వు మా చెల్లివి కాదని అమ్మకి చెప్పు.”

“నేను తోడుని. అమ్మ అడిగితే ఆ మాటే చెప్తాను” అందది. “అమ్మ అడగలేదు.”

“అడగదు. చచ్చినా అడగదు.”

“మరి నేను అడక్కుండా చెప్పమంటారా?”

అవునని అనలేకపోయాను. అమ్మ చేతుల మీద అప్పుడప్పుడే కాస్త కండ వస్తోంది.

అలాగే సాగిపోయేదేమో. ఒక ఆదివారం నేను పొద్దున్నే సరుకు అప్పజెప్పడానికి పోయి, వానలో నిలువునా తడిసి, మూడింటికి ఇల్లు చేరాను. దారిలో మెత్తటి రొట్టె కొన్నాను, అమ్మకి ఇష్టమని. తడవకుండా జాకెట్టు లోపల దాచుకుని తెచ్చాను. లోపలికి వస్తూనే, చెప్పులు విప్పుతూ, చెల్లి అడిగినట్టే అడిగాను.

“అమ్మా, తిన్నావా?”

అమ్మ మడతబల్ల దగ్గర సూదికి దారం ఎక్కిస్తోంది. తలెత్తి నా మొహంలోకి చూసింది. మూడున్నర నెలల తర్వాత నాతో మొదటిసారి మాట్లాడింది.

“మేము తినేశాం.”

మళ్ళీ తలొంచుకుని దారానికి ముడేసుకుంది. నేను రొట్టె అలమరలో పెట్టాను. తడిబట్టలు మార్చుకున్నాను. ‘మేము’ అంటే అమ్మా, అదీ. నేను బయట. ఆ మాట అంటున్నానని కూడా అమ్మకి తెలియదు, ఎవరో పక్కింటావిడ అడిగితే చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

మంగళవారం నర్సు వచ్చి తూకం చూసింది. ముప్ఫై తొమ్మిది. “ఇంకొక్క కిలో! గొట్టం గండం గట్టెక్కినట్టే” అని చప్పట్లు కొట్టింది. నేనావిణ్ణి బైండింగు గదిలోకి పిలిచి తలుపు మూశాను.

“ఆ గడి మార్చండి. అమ్మా, నువ్వు అని పిలవొద్దనండి. మీరు అనమనండి.”

“కోలుకుంటున్న మనిషికి ఇప్పుడు మార్పులెందుకమ్మా?”

“అలా పిలిస్తే ఆవిడకి చెల్లి గుర్తొస్తోంది. రోజూ ఏడుస్తోంది” అన్నాను.

పచ్చి అబద్ధం. నా కళ్ళల్లో నీళ్ళు మాత్రం నిజమైనవే, వాటిని చూసి ఆవిడ నమ్మింది. కాగితం తీసింది. పాతది కొట్టేసి ‘అమ్మగారు’ అని రాశాను, ‘మీరు’ మీద టిక్కు పెట్టాను. ఈసారి పొయ్యి మీద ఏమీ లేదు. తొందరా లేదు. తెలిసి చేసిన పని.

“మళ్ళీ మార్చాలంటే నేను స్వయంగా రావాలి. వచ్చే మంగళవారం దాకా ఇంతే” అని చెప్పి వెళ్ళింది.

బుధవారం పొద్దున్న నేను గంజి కలుపుతున్నాను.

“నమస్కారం అమ్మగారూ. భోజనం చేశారా?” అందది, అదే గొంతుతో.

“ఏమన్నావే?”

“భోజనం చేశారా అని అడిగానండీ.”

అమ్మ దాన్ని చూసింది. వంగి, దాని మొహానికి మొహం దగ్గరగా పెట్టి చూసింది. “కోపమొచ్చిందా? నేనేమన్నాను నిన్ను?” అని నెమ్మదిగా అడిగింది. “మీరు నన్నేమీ అనలేదండీ” అందది. అమ్మ చేతిలో సూది బల్ల మీద పెట్టి, ఎక్కించిన దారం చుట్టచుట్టి దాని పక్కన పెట్టి, మంచమెక్కి గోడవైపు తిరిగింది.

పోనీలే, రెండు రోజుల్లో అలవాటు పడుతుంది, అప్పుడు నా వైపు తిరుగుతుంది అనుకున్నాను. అంత పిచ్చి ఆశ నాది. గిన్నె పట్టుకెళ్ళి మంచం పక్కన కూర్చుంటే అమ్మ దుప్పటి తల మీదకి లాక్కుంది. గురువారం చెంచాడు నీళ్ళు తాగింది. శుక్రవారం అదీ లేదు. ఆ రోజే గాలివాన మొదలైంది. సాయంత్రానికి ఊరి మధ్య కాలవ పొంగి వంతెన మునిగింది. ఆరోగ్య కేంద్రానికి ఫోను చేస్తే నర్సు అవతలి ఒడ్డున చిక్కుకుపోయిందన్నారు.

శనివారం అమ్మని లేపి కూర్చోబెట్టబోతే తల నిలవలేదు. పెదాలు ఎండి తెల్లగా పొక్కులు కట్టాయి. ఆరోగ్య కేంద్రానికి మళ్ళీ ఫోను చేశాను. డాక్టరుగారు ఫోనులోకి వచ్చి, రేపు పొద్దున్నకి ఏమైనా లోపలికి పోతే సరే, లేకపోతే పడవ పెట్టయినా బండి దాకా తీసుకొస్తాం, గొట్టం వెయ్యక తప్పదు అన్నారు. ఆ మాట అమ్మకి ఎలా తెలిసిందో, నేను ఫోను పెట్టేసేసరికి మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ఉంది. చేతులు విడదియ్యబోతే రాలేదు. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

నేను తోడు ముందు నేల మీద కూలబడ్డాను.

“అమ్మా అను. ఒక్కసారి. నువ్వు అను. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“మీరు అడిగింది అర్థమైంది. ఆ గడి నేను మార్చలేను. నర్సుగారు మార్చాలి.”

“తప్పు నాదే! నేనే మార్పించాను! అబద్ధం చెప్పాను!”

“ఆ సంగతి నర్సుగారికి చెప్తాను. అమ్మగారు నిన్నటి నుంచి నీళ్ళు కూడా తీసుకోలేదు. దయచేసి డాక్టరుగారికి చెప్పండి.”

అరుపులు విని మాస్టారు తన తోడుని చంకనెత్తుకుని తడుచుకుంటూ మెట్లు దిగివచ్చారు. “దీనితో అనిపిద్దాం, ఆగు” అన్నారు. అమ్మ మంచం దగ్గర దింపారు. ఆయన ఎంత చెప్పినా అది అమ్మ వైపు తిరిగి, “గురువుగారూ, మీ స్నేహితురాలికి ఒంట్లో బాగోలేదు” అంటుందే తప్ప ఇంకో మాట రాదు. మాస్టారు నాలుగుసార్లు ప్రయత్నించి, అయిదోసారి దాన్ని “ఛీ, వెధవా” అని తిట్టి, తిట్టినందుకు తనే బాధపడి, ఎత్తుకుని వెళ్ళిపోయారు. మరో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

నేను మా తోడు వెనక ఉన్న మీట నొక్కాను. దాని కళ్ళు ఆరిపోయాయి. సాయంత్రం అయిదైనా కాలేదు, వాన మబ్బుకి గదంతా చీకటిగా ఉంది. గంజి పల్చగా కలిపి, ఉప్పేసి, గిన్నె పట్టుకుని అమ్మ వీపు వెనక నేల మీద కూర్చున్నాను. అమ్మకి నేను కనబడను. గోడ కనబడుతుంది.

చెల్లి గొంతూ నా గొంతూ ఒకటే. ఫోనులో మా ఇద్దరిలో ఎవరు మాట్లాడుతున్నారో ఎవరూ పోల్చుకోలేకపోయేవారు. తేడా అంతా మాట తీరులోనే. నేను మాటని కొరికి పారేస్తాను. అది చివర కాస్త సాగదీసేది, మాట వదలడం ఇష్టం లేనట్టు. నేను ఎప్పుడూ వెక్కిరించేదాన్ని దాన్ని. వెక్కిరించి వెక్కిరించి ఆ సాగదీత నాకు బాగా పట్టుబడింది. ఆ పాపం ఆ రోజు అక్కరకొచ్చింది.

“అమ్మా… తిన్నావా?”

వాన చప్పుడు. అమ్మ కదల్లేదు. చచ్చిపోయిన పిల్ల గొంతు అరువు తెచ్చుకుంటున్నానని సిగ్గేసింది, భయమేసింది, అయినా ఆపలేదు.

“అమ్మా… నువ్వు తింటుంటే చూస్తాను. నాలుగు చెంచాలు.”

అమ్మ వీపు కొద్దిగా పైకి లేచి దిగింది.

“లేదే” అంది. ఊపిరి తప్ప గొంతు లేదు అందులో. “తినలేదే.”

మంచం పట్టె మీది వేళ్ళు వదులయ్యాయి. నేను చెయ్యి చాచి, అమ్మ భుజం మీదుగా, మొదటి చెంచా పెదాలకి అందించాను. చెంచాలో సగం దుప్పటి మీద పడింది. సగం లోపలికి పోయింది. గొంతు కదలడం చూశాను. రెండోది, మూడోది. అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి, గోడనే చూస్తున్నాయి. యంత్రానికి చెంచా పట్టుకునే చేతులు లేవని అమ్మకి తెలియదా? తెలుసు. తెలిసే మింగుతోందా? ఆ ప్రశ్న నేను అప్పుడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

ఎనిమిదో చెంచా దగ్గర అమ్మ పెదాలు మూసుకుంది. ఇంకాస్త, ఇంకాస్త అని గొణుగుతూ చెంచా అక్కడే పట్టుకుని ఉన్నాను.

“అక్క తిందా?” అంది అమ్మ.

ఏ గొంతుతో మాట్లాడాలో తెలియలేదు.

“నిన్నే. మీ అక్క తిందా?”

“లేదమ్మా” అన్నాను. సాగదీయడం మర్చిపోయాను.

“అది చెప్పదు. ఆకలేస్తే అందరి మీదా అరుస్తుంది కానీ ఆకలని నోరు తెరిచి చెప్పదు. పుట్టినప్పట్నుంచీ అంతే.” కాసేపు ఊపిరి తీసుకుంది. “బుధవారం నుంచి ఒక్క గిన్నె చప్పుడే వినిపిస్తోంది. తనకోసం వండుకోవడం లేదు. మిగిలింది దానికి పెట్టు.”

గిన్నెలో ఇంకో అయిదారు చెంచాలుంది. చల్లారిపోయింది. కన్నీళ్ళు పడి ఉప్పెక్కువైందో, నేనే ఎక్కువేశానో. అమ్మ గోడవైపే తిరిగి, ఒక చెవి దుప్పటి బయట పెట్టుకుని ఎదురుచూస్తోంది. నేను చెంచా గిన్నెకి తగిలించి చప్పుడు చేస్తూ, అమ్మకి వినబడేలా, మొత్తం తిన్నాను.